ఫ్రెంచ్ మరదలికి క్రిస్మస్ భోజనం, దానికి తగ్గ ఫామ్‌హౌస్ బీర్లు: హైదరాబాద్‌లో ఎలా కుదురుతుంది?

సైనిక్‌పురి_సుధ

అందరికీ నమస్తే. ఈసారి క్రిస్మస్ మా ఇంట్లో. మా తమ్ముడు ఫ్రాన్స్‌లో లీల్ అనే ఊళ్లో చదువుకుని అక్కడే ఉద్యోగంలో చేరాడు, పోయినేడు అక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. మరదలు డిసెంబర్‌లో మన దగ్గరికి రావడం ఇదే మొదటిసారి, కన్నవాళ్లు పక్కన లేకుండా పండగ చేసుకోవడం కూడా ఆ అమ్మాయికి ఇదే మొదలు. అందుకే 24 రాత్రి వాళ్లింట్లో తిన్నట్టే తినాలి, ఇది నా పట్టుదల.

తమ్ముడు చెప్పేదేంటంటే వాళ్ల వైపు వైన్ కంటే బీరుకే మర్యాద ఎక్కువట, ఒకప్పుడు రైతుల ఇళ్లలో తయారయ్యే పాత రకం బీర్లు పండగ పూట కూడా బల్ల మీదకి వస్తాయట. నేనేమో నెట్‌లో ఫ్రెంచ్ క్రిస్మస్ మెనూ అని వెతికితే ఫ్వా గ్రా (కొవ్వు పట్టించిన బాతు కాలేయం), ఆయిస్టర్లు, చెస్ట్‌నట్స్ కూరిన టర్కీ అని వస్తోంది, చూసినకొద్దీ టెన్షన్ పెరుగుతోంది తప్ప దారి దొరకడం లేదు.

మొత్తం 10 మందిమి. తాగేవాళ్లు ఆరుగురు, అమ్మానాన్న ముట్టరు, పిల్లలు ఇద్దరు. ఆ ఆరుగురిలో మా ఆడపడుచూ వాళ్లాయనా శాకాహారులు, గుడ్డు మాత్రం తింటారు. మా ఇంట్లో బీఫ్ వండం. ఉన్నది 28 లీటర్ల ఓటీజీ, నాలుగు బర్నర్ల స్టవ్. ఏం వండాలి, ఏ బీరు దేని పక్కన పెట్టాలి, అసలు అవి ఇక్కడ దొరుకుతాయా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

తార్నాక_రఘు

వైన్ లేకుండా ఫ్రెంచ్ పండగ భోజనం ఏమిటండీ? బీరంటే మనకి మ్యాచ్ చూస్తూ పల్లీలతో తాగేదే కదా. నా సలహా అయితే రెండు మంచి వైన్ సీసాలు తెచ్చి, కోడిని రోస్ట్ చేసి, ప్లమ్ కేక్ కోయండి. ఎవరూ వంక పెట్టరు.

మల్కాజిగిరి_వాసు

రఘు గారూ, మిగతా ఫ్రాన్స్‌కి మీ మాట సరిపోతుందేమో కానీ ఆ అమ్మాయి ఊరు లీల్. నేను ఆ వైపు కొన్నాళ్లు ఉండి వచ్చినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. బెల్జియం సరిహద్దుకి ఆనుకుని ఉంటుంది ఆ ప్రాంతం, చలి, తడి, ద్రాక్ష సరిగ్గా పండదు. పండేది బార్లీ, చక్కెర తీసే షుగర్ బీట్ దుంప, బయ్యల్ అనే ఊరి వైపు బీరుకి చేదునిచ్చే హాప్స్ పూలు. అందుకని అక్కడి వంటిల్లు మొదటినుంచీ బీరు చుట్టూ పెరిగింది, కూర వండేది బీరులోనే, పక్కన పోసుకునేదీ బీరే.

సుధ గారూ, ముందుగా ఒక మాట. ప్యారిస్ మెనూ వదిలేయండి. ఫ్వా గ్రా దిగుమతిని మన దేశం 2014లోనే నిషేధించింది, సముద్రం లేని ఊళ్లో పచ్చి ఆయిస్టర్ల జోలికి వెళ్లకపోవడమే మంచిది, టర్కీ మీ ఓటీజీలో పట్టదు. ఇవన్నీ పోయినా నష్టం లేదు, ఎందుకంటే ఆ అమ్మాయికి ఇల్లు గుర్తొచ్చేది వీటితో కాదు. ఉల్లిపాయలతో బీరులో గంటలకొద్దీ మగ్గిన మాంసం, లీక్స్ టార్ట్ (లావుపాటి ఉల్లికాడల్లాంటి లీక్స్‌ని మైదా పిండి పెంకులో నింపి కాల్చేది), బంగాళదుంపలు, ముక్కు అదిరే చీజ్, 25 పొద్దున తినే తియ్యటి బ్రెడ్. ఇందులో చీజ్ ఒక్కటి వదిలేస్తే మిగతాదంతా హైదరాబాద్‌లో చేసుకోవచ్చు.

ఇక బీర్ల సంగతి. మీకు కావలసినవి రెండే రకాలు, ఆరేడు సీసాలు వరుసగా పేర్చి జనాన్ని గందరగోళపెట్టకండి.

ఒకటి సెజోన్. ఇది సరిహద్దు దాటాక బెల్జియంలోని ఎనో ప్రాంతానిది, లీల్‌లో మామూలుగానే దొరుకుతుంది. పొలం పనులు లేని చలికాలంలో తయారుచేసి పెట్టుకుని, ఎండాకాలంలో కూలీలకు పోసేవాళ్లు. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో ఎండల్లో బీరు పెడితే పులిసి పాడైపోయేది, అందుకని చలిలోనే ఏడాదికి సరిపడా చేసుకోవడం, మన ఇళ్లలో ఎండలు ఉండగానే ఊరగాయలు పెట్టేసుకున్నట్టు. అందరూ ప్రమాణంగా చూపించేది తూర్ప్ అనే పల్లెలో తయారయ్యే సెజోన్ డ్యుపోన్, 6.5 శాతం. రంగు లేత బంగారం, నురుగు గ్లాసు అంచు దాకా పొంగుతుంది, తీపి దాదాపు ఉండదు, వాసనలో మిరియాల ఘాటు తగులుతుంది. అందులో మిరియాలు వేయరు, ఆ ఘాటంతా ఈస్ట్‌ది. మామూలు ఈస్ట్ 20 డిగ్రీల దగ్గర సుఖంగా ఉంటే డ్యుపోన్ ఈస్ట్ 30 దాటిన వేడిలో పనిచేస్తుంది. అందుకే సెజోన్ మన వాతావరణానికి సరిపోయే బీరు అని నా నమ్మకం, ఇక్కడి మైక్రోబ్రూవరీల వాళ్లు దీన్ని ఇంకా ఎక్కువగా చేయాలి.

రెండోది బియర్ ద గార్డ్. ఇది అచ్చంగా మీ మరదలి వైపుది. తయారయ్యాక చల్లటి చోట వారాల తరబడి నిలవ ఉంచుతారు. రాగి రంగు, కాల్చిన బ్రెడ్ పైపెంకు వాసన, కొంచెం కారమెల్, చేదు బాగా తక్కువ. 6 నుంచి 8.5 శాతం దాకా ఉంటుంది. జాన్లెన్ అనే ఊళ్లో డ్యుయిక్ కుటుంబం 1922 నుంచి చేస్తోంది, బీరు పేరు కూడా జాన్లెన్నే, పాత షాంపేన్ సీసాల్లో నింపి బిరడా బిగించి అమ్మే పద్ధతికి పేరు తెచ్చింది వాళ్లే. సెయింట్ సిల్వెస్టర్ వాళ్ల 3 మోన్ 8.5 శాతం, రంగు లేతగా ఉన్నా బలమైనది. ఎస్కెల్‌బెక్ అనే పల్లెలో తిరియే వాళ్లది చిన్న బ్రూవరీ, 1996లో మొదలైంది, మీ తమ్ముడికి దొరికితే వదలొద్దనండి.

ఈ బీర్లు ఇవాళ బతికి ఉండటమే గొప్ప. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ ప్రాంతాన్ని ఆక్రమించిన జర్మన్ సైన్యం బ్రూవరీల రాగి కాగుల్ని ఊడదీసి మందుగుండు కోసం పట్టుకుపోయింది. చాలా ఊళ్లలో బ్రూవరీలు మళ్లీ లేవలేదు, మిగిలినవాటిని చవక లాగర్లు (ఇప్పుడు ఎక్కడ చూసినా దొరికే మామూలు లేతరంగు బీర్లు) తినేశాయి, 1970ల్లో కుర్రకారు మళ్లీ అడగడం మొదలుపెట్టాక గానీ ఊపిరి రాలేదు. అందుకే ఆ వైపు వాళ్లకి ఈ సీసా బల్ల మీద ఉందంటే తమ ఊరు బల్ల మీద ఉన్నట్టే. మరదలికి మీరు పెట్టే గౌరవం అక్కడే కనిపిస్తుంది.

బేగంపేట్_కిరణ్

దొరకడం గురించి నేను చెప్తా. తెలంగాణలో మద్యం హోల్‌సేల్ అంతా ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ చేతిలోనే ఉంటుంది, షాపువాడు తనకి నచ్చిన సీసా తానే దిగుమతి చేసుకోలేడు. కాబట్టి జాన్లెన్ ఉందా, డ్యుపోన్ ఉందా అని షాపులు తిరిగి టైమ్ వేస్ట్ చేసుకోకండి. నేను పోయిన డిసెంబర్‌లో ఒక పెద్ద షాపులో ఫామ్‌హౌస్ ఏల్ అని అడిగితే, ఉంది రండి అని పిలిచి మామూలు గోధుమ బీరు చేతిలో పెట్టారు, దానికోసం నగరం ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లాను.

మీకు అదృష్టం ఏంటంటే తమ్ముడూ మరదలూ అక్కడినుంచే వస్తున్నారు. డ్యూటీ లేకుండా మనిషికి 2 లీటర్లు తెచ్చుకోవచ్చు, అందులో వైన్, బీరు, విస్కీ అన్నీ కలిపే లెక్క. ఒక్కొక్కరు 750 మి.లీ. సీసాలు రెండు, 330 మి.లీ. చిన్నది ఒకటి తెస్తే 1.83 లీటర్లు, హద్దులోనే. ఇద్దరికీ కలిపి నాలుగు పెద్దవి, రెండు చిన్నవి. తాగేది ఆరుగురు అన్నారు కదా, ఒక పెద్ద సీసా ఆరుగురికి తలా 125 మి.లీ. వస్తుంది. అంటే నాలుగు విడతలు, ఒక్కో వంటకానికి ఒక్కో సీసా. వాసు గారు చెప్పిన 7, 8 శాతం బీరుకి ఆ కొలత సరిగ్గా సరిపోతుంది, పింట్ గ్లాసుల్లో నింపే బీరు కాదది.

సీసాలు చెకిన్ బ్యాగులోనే పెట్టమనండి, బట్టల మధ్య, ఒక్కోదాన్ని విడిగా ప్లాస్టిక్ కవర్లో చుట్టి. వచ్చాక రెండు రోజులైనా ఫ్రిజ్‌లో నిలబెట్టి ఉంచాలి, పడుకోబెట్టొద్దు. సీసాలోనే రెండోసారి పులిసే బీర్లు చాలా ఉంటాయి, ప్రయాణంలో అడుగున ఉన్న ఈస్ట్ లేచి కలిసిపోతుంది, అది తేరుకోవాలి. గ్యాస్ కూడా ఎక్కువే, కాబట్టి బిరడాని షాంపేన్‌కి తీసినట్టు చేత్తో పట్టుకుని నెమ్మదిగా తిప్పండి.

ఇంకో సంగతి. ఇక్కడ 21 ఏళ్లు నిండనివాళ్లకి మద్యం చట్టం ఒప్పుకోదు, అలాగే బండి నడిపేవాళ్లకి 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే కేసు. పండగ రాత్రుల్లో చెకింగ్ గట్టిగా ఉంటుంది. ఎవరెవరు క్యాబ్‌లో వెళ్తారో, ఎవరు మీ ఇంట్లోనే పడుకుంటారో ముందే తేల్చేయండి.

ఈసీఐఎల్_ప్రణీత్

అన్నా, ఈస్ట్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది కదా, సెజోన్ ఇంట్లోనే చేసేస్తే అయిపోదా? డిసెంబర్‌కి టైమ్ ఉంది.

బేగంపేట్_కిరణ్

వద్దు తమ్ముడూ. లైసెన్స్ లేకుండా ఇంట్లో బీరు తయారుచేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. తాగాలని ఉంటే మైక్రోబ్రూవరీకి వెళ్లి ట్యాంకుల్లో ఏముందో అడుగు, తయారుచేసేవాళ్లు సంతోషంగా చెప్తారు.

మెహిదీపట్నం_హేమ

సుధా, వంట నాకు వదిలెయ్. బీఫ్ వద్దంటే కార్బొనాడ్, అంటే వాసు గారు చెప్పిన ఉల్లిపాయలతో బీరులో మగ్గించే మాంసం, మటన్‌తో చెయ్, లేకపోతే కోక్ ఆ లా బియర్, అంటే కోడిని బీరులో ఉడికించేది. రెండోదే నీకు బాగా కుదురుతుందని నాకనిపిస్తోంది. అసలు ఆ వంటకం పుట్టిందే ముదురు పుంజుని మెత్తబరచడానికి, మనకి నాటుకోడి పుంజు అంగట్లో దొరుకుతుంది, వాళ్లకి ఇప్పుడు సూపర్ మార్కెట్లో బ్రాయిలరే ఎక్కువ. ఈ ఒక్క విషయంలో మనదే పైచేయి.

రెండు కిలోల పుంజు తీసుకో, ముక్కలు పెద్దవిగా కొట్టించు, బిర్యానీ ముక్కలకన్నా పెద్దవి. ఉప్పు రాసి, బాగా తుడిచి, మైదా పైపైన అద్ది వెన్నలో ఎర్రగా వేయించి తీసెయ్. అదే గిన్నెలో కిలో ఉల్లిపాయలు, సన్నగా కాదు, అర సెంటీమీటరు మందంలో కోసి సన్నసెగ మీద పెట్టు. ఇక్కడే అందరూ తొందరపడేది. మనం కూరకి వేయించే పది నిమిషాల పని కాదు ఇది, ముప్పావుగంట పడుతుంది, మొదట నీరు వదిలి తెల్లగా మెత్తబడతాయి, ఆ నీరు ఇంకాక గిన్నె అడుగున గోధుమరంగు పొర కడుతుంది, చెంచాడు నీళ్లు చల్లి ఆ పొరని గీకి ఉల్లిపాయల్లో కలుపు, మళ్లీ కట్టనివ్వు, మళ్లీ గీకు. గిన్నెలోదంతా జామ్‌లా ముద్దకట్టి, రంగు ముదురు బెల్లం రంగుకి వచ్చాక రెండు చెంచాల తురిమిన బెల్లం, ఒక చెంచా వెనిగర్. వాళ్లు షుగర్ బీట్ నుంచి తీసే గోధుమరంగు చక్కెర వేస్తారు, బెల్లం దానికి దగ్గరి చుట్టమే. తర్వాత కోడి ముక్కలు, 750 మి.లీ. బీరు, థైమ్ రెమ్మలు, బే లీఫ్. మన బిర్యానీ ఆకు వేరే చెట్టుది, వాసన దాల్చినచెక్క వైపు లాగుతుంది, అది వేస్తే కూర దారి మారిపోతుంది. బే లీఫ్ దొరక్కపోతే అసలు ఏ ఆకూ వేయకు.

పైన రెండు బ్రెడ్ స్లైసులకి ఆవాల పేస్ట్ దట్టంగా పూసి, పూసిన వైపు కిందికి ఉండేలా బోర్లించి మూతపెట్టు. అక్కడ మసాలా తేనె రొట్టె వాడతారు, నువ్వు గోధుమ బ్రెడ్‌కి కొంచెం తేనె, చిటికెడు దాల్చినచెక్క పొడి, లవంగం పొడి రాస్తే సరి. అది కరిగిపోయి గ్రేవీని చిక్కబరుస్తుంది. నాటుకోడికి సన్నసెగ మీద గంటన్నర నుంచి రెండు గంటలు. కుక్కర్ వద్దు, మూతతో మందపాటి గిన్నె చాలు. ఇది ముందు రోజు చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మర్నాటికి ఇంకా రుచి, పండగ రోజు వంటింట్లో ఇరుక్కుపోవు.

ఇందులో పోయడానికి చేదు ఎక్కువున్న బీరు, ముఖ్యంగా ఐపీఏ, వాడకు. కూర ఇగిరేకొద్దీ చేదు పేరుకుంటుంది, బెల్లం ఎంత వేసినా పోదు. తమ్ముడు తెచ్చే సీసాలూ కూరలో పోయకు, అంత దూరం నుంచి వచ్చినవి గ్లాసులోకే వెళ్లాలి. చేదు తక్కువగా ఉండే ముదురు రంగు బీరు ఏదైనా వంటకి చాలు.

అమ్మానాన్న ముట్టరన్నావు కాబట్టి ఇది తప్పకుండా చెప్పాలి. రెండు గంటలు ఉడికినా ఆల్కహాల్ మొత్తం పోదు, కొద్దిగా మిగులుతుంది. వాళ్లకీ పిల్లలకీ వేరే గిన్నెలో, బీరు బదులు చికెన్ స్టాకూ అరకప్పు ఆపిల్ జ్యూసూ పోసి అదే పద్ధతిలో చెయ్. ముందే చెప్పి పెట్టు, పెద్దవాళ్ల దగ్గర దాపరికం వద్దు. ఆడపడుచు వాళ్లకి పుట్టగొడుగులూ క్యారెట్లూ అవే ఉల్లిపాయల్లో, వెజ్ స్టాక్‌తో, బీరు కావాలంటే పోయొచ్చు, ముప్పావుగంటలో అయిపోతుంది. ఉల్లిపాయలు మాత్రం ఒకేసారి రెండు కిలోలు వేయించి మూడు గిన్నెలకీ పంచుకో.

సైనిక్‌పురి_సుధ

హేమక్కా, చదువుతుంటేనే వాసన వస్తోంది, చాలా థాంక్స్. కిరణ్ గారూ, 125 మి.లీ. లెక్క తమ్ముడికి పంపేశాను, సీసాల వేట మొదలుపెట్టాడు. ఇప్పుడు మూడు సందేహాలు. ఏ సీసా దేని పక్కన? అతిథులు కారం లేకపోతే తినరేమోనని భయం, పైన మిరపకాయలు చల్లొచ్చా? మరదలు 24 రాత్రి మాస్‌కి, అంటే చర్చిలో ప్రార్థనకి వెళ్లాలంటోంది, మేమంతా తోడు వెళ్తాం, తిరిగొచ్చేసరికి ఒంటిగంట అవుతుంది. అమ్మానాన్న అప్పటిదాకా ఆగలేరు.

మల్కాజిగిరి_వాసు

కారం గురించి ముందు. బీరులో గ్యాస్, ఆల్కహాల్ రెండూ నాలుక మీద మిరప మంటని పెంచుతాయి. 8 శాతం బీరుతో పచ్చిమిర్చి కూర తింటే మంట తప్ప ఇంకేమీ తెలియదు, పక్కన అంత కష్టపడి తెచ్చిన బీరు రుచి గల్లంతు. మిరియాలు వాడుకోండి, సెజోన్‌కి చెలికాడు. ఆవాల ఘాటు ఎలాగూ ఉంది. నాన్నగారికి మాత్రం పక్కన గిన్నెడు చారు, అన్నం, ఆవకాయ పెట్టండి. మర్యాద అంటే ఎవరికి సరిపడేది వాళ్లకి పెట్టడమే కదా.

వరుస ఇలా పెట్టమంటాను. మొదట రొయ్యలు. లీల్ వైపు ఆల్చిప్పల్ని చిన్న ఉల్లిపాయలు, సెలరీ వేసి ఉడికిస్తారు, మీరు పెంకుతో ఉన్న రొయ్యల్ని అలాగే చెయ్యండి, వెన్న, సాంబారు ఉల్లిపాయలు, సెలరీ, పావు గ్లాసు బీరు, మూతపెట్టి మూడు నాలుగు నిమిషాలు, దింపాక కొత్తిమీర కాదు పార్స్‌లీ. అమ్మానాన్నకి విడిగా నిమ్మరసంతో. దీనికి సెజోన్. ఆ గ్యాస్ వెన్న జిడ్డుని నాలుక మీద నిలవనివ్వదు, తీపి లేదు కాబట్టి రొయ్య తీపి పైకి తేలుతుంది.

తర్వాత ఫ్లమీష్, లీక్స్ టార్ట్. ఇది శాకాహారులకి అసలు వంటకమే, వాళ్లకి పెద్ద ముక్క పెట్టండి. లీక్స్ పెద్ద సూపర్ మార్కెట్లలో దొరుకుతాయి, పొడవునా చీల్చి పొరపొరనా కడగాలి, లోపల మట్టి దాక్కుంటుంది. వెన్నలో మూతపెట్టి సన్నసెగ మీద మెత్తబడాలి కానీ రంగు రాకూడదు. క్రీమ్, రెండు గుడ్లు, జాజికాయ, మీ ఓటీజీలో 180 డిగ్రీల దగ్గర 35, 40 నిమిషాలు. 3 మోన్ దొరికితే ఇక్కడ తీయండి, దొరక్కపోతే ఇంకో సెజోన్.

కోడికి జాన్లెన్ లాంటి రాగిరంగు బియర్ ద గార్డ్, ఇందులో ఆలోచించాల్సిందే లేదు. వేయించిన ఉల్లిపాయలో ఉన్న రుచే ఆ బీరులోని మాల్ట్‌లోనూ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) ఉంటుంది, ఒక ముద్ద, ఒక గుక్క. పక్కన బంగాళదుంపల ఫ్రైస్, నిజానికి వాళ్లింట్లోనూ అవే పెడతారు.

చీజ్ తీపికి ముందు వస్తుంది. వాళ్ల వైపు ఘాటు చీజ్ మారువాల్‌ని సూట్‌కేసులో తెమ్మనకండి, ఆ వాసనకి బట్టలు ఉతికినా లాభం ఉండదు. ఆరోవిల్‌లో, కొడైకెనాల్‌లో చేసే చీజ్‌లు ఇక్కడ దొరుకుతాయి, బాగా ముదిరిన గట్టి రకం ఒకటి, మెత్తటిది ఒకటి చాలు. కోడికి తీసిన సీసాలో మిగిలిందే దీనికీ.

చివరి పెద్ద సీసా తీపికి. తీపి లేని సెజోన్ చాక్లెట్ కేక్ పక్కన పెడితే పుల్లగా, కటువుగా తోస్తుంది, కాబట్టి అక్కడి బ్రూవరీలు డిసెంబర్ కోసం చేసే బియర్ ద నోయెల్, అంటే క్రిస్మస్ బీరు ఒకటి తెమ్మనండి, ముదురు రంగులో మాల్ట్ ఎక్కువున్నది చూసి. డ్యుపోన్ వాళ్లు 1970లో తమ ఖాతాదార్లకి కొత్త సంవత్సరం కానుకగా మొదలుపెట్టిన 9.5 శాతం బీరు కూడా ఈ రోజుల్లోనే వస్తుంది, అది 31కి దాచుకోండి, కేక్‌కి కాదు.

చల్లదనం కూడా ముఖ్యమే. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోస్తే బియర్ ద గార్డ్ నోరు తెరవదు. సెజోన్ 8 డిగ్రీల దగ్గర, బియర్ ద గార్డ్ 10 నుంచి 12, అంటే అరగంట ముందు బయటపెట్టడం. వైన్ గ్లాసులు చాలు, మగ్గులు వద్దు. అడుగున మిగిలే మడ్డి సీసాలోనే ఉండనివ్వండి.

ఒకవేళ సీసాలు దారిలో పగిలినా దిగులుపడకండి. సెజోన్ స్థానంలో మైక్రోబ్రూవరీల బెల్జియన్ విట్ (గోధుమ బీరు), బియర్ ద గార్డ్ స్థానంలో డంకెల్ గానీ బాక్ గానీ, రెండూ మాల్ట్ ఎక్కువుండే జర్మన్ లాగర్లు. బియర్ ద గార్డ్‌ని కొందరు లాగర్ ఈస్ట్‌తోనే చేస్తారు కాబట్టి ఆ బంధుత్వం ఉత్తదేం కాదు. సీసాలో కట్టి ఇస్తారో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. షాపుల్లో స్ట్రాంగ్ అని అమ్మేవి మాత్రం వద్దు, వాటిలో బలమే ఉంటుంది, మాల్ట్ రుచి ఉండదు.

నేరేడ్‌మెట్_మేరీ ఆంటీ

సుధా, మాస్ సంగతి నేను చెప్తానమ్మా. తాగి చర్చికి వెళ్లడం వద్దు, ఒంటిగంటకి పెద్దవాళ్లని లేపి నాలుగు వంటకాలు పెట్టడమూ వద్దు. ఫ్రాన్స్‌లో 24 రాత్రి భోజనం ఎంత పెద్దదో 25 మధ్యాహ్నం భోజనం కూడా అంతే పెద్దది, మా అమ్మాయి అత్తగారిది ఆ దేశమే కనుక చెప్తున్నా. పెద్ద విందు 25 మధ్యాహ్నానికి మార్చు. ఎండ బాగుంటుంది, వరండాలో బల్ల వేసుకోవచ్చు, అందరూ మెలకువగా ఉంటారు, రాత్రి బండ్ల గొడవ ఉండదు. 24 రాత్రి మాస్ నుంచి వచ్చాక వేడి చాక్లెట్, కోకీ బ్రెడ్ చాలు. కోకీ అంటే ఆ ఉత్తరాన క్రిస్మస్‌కి చేసే బ్రియోష్, పొత్తిళ్లలో ఉన్న బాల యేసు ఆకారంలో, మధ్యలో లావుగా రెండు చివర్లా చిన్న ఉండలతో చేస్తారు. మన పాల బన్ను పిండికి గుడ్లు, వెన్న ఎక్కువ వేసి, కిస్‌మిస్ కలిపితే వచ్చేస్తుంది. పిల్లల చేత ఉండలు చేయించు, సంబరపడతారు.

పిల్లలకీ అమ్మానాన్నకీ ఆపిల్ జ్యూస్‌లో చల్లటి సోడా కలిపి అవే గ్లాసుల్లో పొయ్యి. అక్కడ పిల్లలకి పండగ పూట గ్యాస్ ఉన్న ఆపిల్ జ్యూసే పోస్తారు.

అయితే ఒకటి, మార్చే ముందు ఆ అమ్మాయిని అడుగు. పండగ తనది.

సైనిక్‌పురి_సుధ

మేరీ ఆంటీ, అడిగాను. వీడియో కాల్‌లో కోకీ అనగానే ఎగిరి గంతేసింది, వాళ్ల నానమ్మ చేసేదట, కొలతలు తనే తెస్తానంది. విందు 25 మధ్యాహ్నం ఒంటిగంటకి ఖాయం. పుంజు 23న, కూర 24 పొద్దున వండేస్తాను, మాస్‌కి వెళ్లేలోపు ఫ్రిజ్‌లో ఉంటుంది. సీసాలు 20నే చేరతాయి కాబట్టి తేరుకోవడానికి టైమ్ ఉంది. ఒక్క లీక్స్ గురించే సందేహం, ఎప్పుడు కొనాలి?

మెహిదీపట్నం_హేమ

23 పొద్దున్నే కొనెయ్, పండగ ముందు రోజు అయిపోతాయి. కడగకుండా పేపర్లో చుట్టి ఫ్రిజ్ కింది అరలో పెట్టు, వారం ఆగుతాయి. కొనేటప్పుడు తెల్లభాగం పొడుగ్గా ఉన్నవి ఏరుకో, పది మందికి రెండు టార్ట్‌లంటే కిలోన్నర తీసుకో. పచ్చటి ఆకులు పారేయకు, ఆడపడుచు వాళ్ల వెజ్ స్టాక్‌కి పనికొస్తాయి.